మందుల చీటీలో లేని గడి

తెలంగాణ రాష్ట్ర మానసిక ఆరోగ్య సాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు బహిరంగ లేఖ



మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో పార్లమెంటు ఆమోదం పొంది, 2018 మే 29న అమలులోకి వచ్చింది. ఒక మనిషికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ణయించేటప్పుడు అతని రాజకీయ, ఆర్థిక, సామాజిక హోదాను గాని, అతడు ఏ సంస్కృతికి, ఏ జాతికి, ఏ మతానికి చెందినవాడన్న సంగతిని గాని ఆధారం చేసుకోరాదని ఆ చట్టంలోని 3వ సెక్షన్ చెబుతుంది. 18వ సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, కులం, వర్గం, మతం, సంస్కృతి, లింగం వంటి ఏ కారణం చేతనూ వివక్ష చూపకుండా, భరించగల ఖర్చుతో, ఉన్నచోటికి దగ్గరలో, మంచి వైద్యం పొందే హక్కు ప్రతి ఒక్కరికీ ఉన్నదని ప్రకటిస్తుంది. ఈ మాట నిలిచిందో లేదో చూడడానికి రాష్ట్ర స్థాయిలో అదే చట్టం ఏర్పరచిన సంస్థ ఇప్పుడు ఈ లేఖ అందుకుంటున్నదే. మానసిక వైద్యం చేసే ఆసుపత్రులకు ప్రమాణాలు నిర్ణయించడం, వాటిని పర్యవేక్షించడం, సేవల లోపాలపై ఫిర్యాదులు స్వీకరించడం దాని విధులు. కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల చుట్టూ ఉన్న తండాలలో, దళితవాడలలో, రైసుమిల్లుల షెడ్లలో బతికేవారికి మనసు జబ్బుకు మందు ఏ రూపంలో, ఎవరి చేతుల మీదుగా, ఎంత మోతాదులో చేరుతున్నదన్న ప్రశ్నను ఈ సంస్థ ముందే ఉంచడం సమంజసం.

ఈ ప్రశ్న ఇతర దేశాలలో పాతదే. అమెరికా దక్షిణాదికి చెందిన శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు 1851లో, నల్లజాతి బానిసలు యజమానుల దగ్గరి నుంచి పారిపోవడమే ఒక మానసిక వ్యాధి అని వాదించి, దానికి డ్రాపెటోమేనియా అని పేరు పెట్టి, కొరడా దెబ్బలను కూడా చికిత్సలో చేర్చాడు. అది వెర్రి రాతగా కొట్టుకుపోయినా, దాని వెనుక ఉన్న చూపు కొట్టుకుపోలేదు, స్కిజోఫ్రీనియా నిర్ధారణలో అది మళ్లీ కనిపించింది. స్కిజోఫ్రీనియా అంటే లేని మాటలు వినిపించడం, లేని శత్రువులు వెంటాడుతున్నట్టు గట్టిగా నమ్మడం, ఆలోచన ముక్కలైపోవడం వంటి లక్షణాలున్న తీవ్ర వ్యాధి. మిషిగన్ రాష్ట్రంలోని అయోనియా ఆసుపత్రి పాత కేసు కాగితాలను పరిశీలించి జోనథన్ మెట్జల్ 2009లో ప్రచురించిన గ్రంథం, 1960లలో ఆ వ్యాధి పేరు తెల్లజాతి గృహిణుల మీది నుంచి డెట్రాయిట్ నల్లజాతి పురుషుల మీదికి ఎలా జరిగిందో చూపింది. 1974లో అమెరికన్ మానసిక వైద్య పత్రిక ఒకదానిలో హాలోపెరిడాల్ అనే మందు ప్రకటనకు పిడికిలి బిగించిన నల్లజాతి మనిషి బొమ్మ వేశారు. అదే హాలోపెరిడాల్ నేటికీ మన ప్రభుత్వ దవాఖానాల్లో స్కిజోఫ్రీనియాకు వాడే చవక మందులలో ఒకటి. ఆ తరవాతి దశాబ్దాల పరిశోధనలు అమెరికాలో మళ్లీ మళ్లీ తేల్చినదేమంటే, ఒకే రకమైన లక్షణాలతో వచ్చినా నల్లజాతివారికి కుంగుబాటు అన్న నిర్ధారణ తక్కువగాను, స్కిజోఫ్రీనియా అన్న నిర్ధారణ ఎక్కువగాను జరుగుతున్నదని. నెలకోసారి పొడిచే సూదిమందులు వారికి ఎక్కువగా రాస్తున్నారని. మొండి స్కిజోఫ్రీనియాకు మేలైన మందుగా పేరున్న క్లోజపిన్ వారికి తక్కువగా రాస్తున్నారని. ఇంగ్లండులో 2018-19 సంవత్సరంలో మానసిక ఆరోగ్య చట్టం కింద నిర్బంధ చికిత్సకు గురైనవారు నల్లజాతివారిలో ప్రతి లక్షకు 306 మంది కాగా తెల్లజాతివారిలో 73 మంది.

క్లోజపిన్ సంగతి కొంచెం విడమరచి చెప్పదగినది. ఈ మందు కొందరిలో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలను ప్రమాదకరంగా తగ్గిస్తుంది కనుక, వాడేవారికి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయాలన్న నియమం అనేక దేశాలలో ఉన్నది. ఆఫ్రికా మూలాలున్న చాలామందిలో ఆ కణాల సంఖ్య పుట్టుకతోనే కాస్త తక్కువగా ఉంటుంది, అది జబ్బు కాదు. అయినా తెల్లజాతివారి సగటునే కొలబద్దగా పెట్టుకున్నందువల్ల ఆ మందుకు తగినవారు ఏళ్ల తరబడి దానికి దూరమయ్యారు. 2015లో గాని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ హద్దును వారికోసం సవరించలేదు. వారి శరీరంలోని తేడాను లోపంగా లెక్కగట్టింది కొలబద్దే.

మన దేశానికి వచ్చేసరికి జాతి అన్న మాట స్థానంలో కులం, తెగ, భాష నిలుస్తాయి. ఇక్కడ కార్ట్‌రైట్ వంటి వైద్యుని కోసం వెతకనక్కరలేదు, ఆ పని వలస ప్రభుత్వ చట్టమే చేసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం, 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరించి, ఎరుకలవారి వంటి సంచార తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేయించి, స్టువర్టుపురం వంటి నివాసాలలో పోలీసు హాజరు కింద ఉంచింది. దేశమంతటా 1952లో గాని అది రద్దు కాలేదు. ఒక సమూహం మొత్తానికి ఒక స్వభావాన్ని అంటగట్టే ఆ అలవాటు చట్టం రద్దయినంత మాత్రాన మనుషుల నోళ్లలో రద్దు కాదు. తండాలలో బతికే లంబాడీలు తెలంగాణ ప్రాంతంలో 1976 నాటి సవరణ చట్టంతో గాని షెడ్యూల్డు తెగల జాబితాలో చేరలేదు. 2011 జనగణన నాటికి ఉమ్మడి నల్లగొండ జిల్లా జనాభా సుమారు 35 లక్షలు కాగా, అందులో షెడ్యూల్డు తెగలవారు 11 శాతానికి పైగా ఉన్నారు, వారిలో అత్యధికులు లంబాడీలే.

అమెరికా, ఇంగ్లండు తమ వివక్షను తెలుసుకోగలిగింది తమ సుగుణం వల్ల కాదు, అక్కడ ఆసుపత్రి దస్తావేజులో జాతి ఒక గడిగా ఉన్నందువల్ల. మన ఓ.పి. చీటీ మీద పేరు, వయసు, ఊరు ఉంటాయి. రోగి కులం గాని, తెగ గాని, అతడు ఇంట్లో మాట్లాడే భాష గాని ఉండవు. 2015-16 నాటి జాతీయ మానసిక ఆరోగ్య సర్వే మానసిక వ్యాధులున్నవారిలో, వ్యాధిని బట్టి, 70 నుంచి 92 శాతం దాకా చికిత్స అందనివారేనని తేల్చినా, అది 12 రాష్ట్రాలలోనే జరిగింది, వాటిలో తెలంగాణ లేదు. లెక్క లేని చోట వివక్ష లేదనడం సులువు. అయితే మందు ఎంపిక జరిగే తీరును గమనిస్తే, చీటీ మీద కులం రాయకపోయినా దూరం, భాష, కూలిపని ఈ మూడూ కలిసి కులం చేసే పనే చేస్తాయని అర్థమవుతుంది. వైద్యుని మనసులో ఏ దురుద్దేశమూ లేకపోయినా అది జరుగుతుంది. ఈ లేఖ వైద్యులపై నింద మోపడానికి రాసినది కాదు.

దూరాన్ని ముందు చూడవచ్చు. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. కోదాడ, మిర్యాలగూడలలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. అయినా తీవ్రమైన కేసు అనగానే ఊరివాళ్ల నోట ముందుగా వచ్చేది హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరే. సూర్యాపేట నుంచి అక్కడికి సుమారు 140 కిలోమీటర్లు, కోదాడ నుంచి సుమారు 180. ఆ పేరు తిట్టుగా మారిన సంగతి తెలుగువారికి చెప్పనక్కరలేదు. మానసిక వ్యాధి ఉన్నవారు వైద్యం కోసం దూరప్రయాణం చేయవలసిన అవసరం రాకుండా చూడాలని 18వ సెక్షన్ శాసిస్తున్నది, అవసరమైన మందుల జాబితాలోని ప్రతి మందూ సామాజిక ఆరోగ్య కేంద్రం మొదలు పైస్థాయి ఆసుపత్రులన్నింటిలో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలని కూడా అదే సెక్షన్ చెబుతున్నది. తండా నుంచి వచ్చిన రోగి మళ్లీ వస్తాడో రాడోనన్న సందేహం వైద్యునికి ఉన్నప్పుడు, రోజూ వేసుకునే గోళీలకన్నా ఫ్లూఫెనజిన్ వంటి దీర్ఘకాల సూదిమందు, అంటే కండరంలో నిలిచి రెండు నుంచి నాలుగు వారాలపాటు కొద్దికొద్దిగా రక్తంలో కలిసే మందు, అనుకూలంగా తోస్తుంది. అది కొందరికి నిజంగానే మంచి ఎంపిక. కాని చేతులు వణకడం, మెడ, దవడ బిగుసుకోవడం వంటి దుష్ఫలితాలు మొదలైతే గోళీని ఆపినట్టు సూదిని ఆపడం కుదరదు; వారం వారం రక్తపరీక్ష కావలసిన క్లోజపిన్ ప్రస్తావన అటువంటి రోగి దగ్గర రానే రాదు. పట్టణంలో సొంత మోటారు సైకిలు ఉన్నవాడికీ, తండాలో ఆటో కోసం ఎదురు చూసేవాడికీ ఒకే వ్యాధికి రెండు రకాల మందులు రాయడం ఇలా మొదలవుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సులలో మహిళలకు చార్జీ లేదు. తోడు వచ్చే తల్లి ఉచితంగా ప్రయాణిస్తుంది, రోగి అయిన కొడుక్కి మాత్రం ప్రతిసారీ చార్జీ తప్పదు.

జిల్లాల సరిహద్దు ఈ దూరాన్ని మరింత చిక్కుపరచింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లగా మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచింది. కోదాడకూ మిర్యాలగూడకూ సాగర్ ఎడమ కాలువ ఒకటే, మూడు పట్టణాలకూ కూలి ఒకటే, పెళ్లి సంబంధాలు ఒకటే, కాని 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పేరులోనే ఉన్నట్టు జిల్లాను బట్టి నడుస్తుంది. సూర్యాపేట జిల్లాలోని నేరేడుచర్లలో ఉన్నవారికి మిర్యాలగూడ పట్టణం జిల్లా కేంద్రం కన్నా దగ్గర. అక్కడ రాసిన మందు ఇక్కడి రిజిస్టరులో ఉండదు.

ఇక కూలిపని. వరి పండే ఈ ప్రాంతంలో ఇదే అసలు విషయం. బైపోలార్ వ్యాధి, అంటే అతి ఉత్సాహపు దశా, తీవ్రమైన కుంగుబాటు దశా మారిమారి వచ్చే జబ్బుకు, లిథియం దశాబ్దాలుగా నమ్మదగిన మందు. కాని రక్తంలో దాని మేలు చేసే స్థాయికీ హాని చేసే స్థాయికీ మధ్య ఎడం చాలా తక్కువ. చెమటతో ఒంట్లోని నీరు, ఉప్పు తగ్గిపోతే మూత్రపిండాలు లిథియంను బయటికి పంపక నిలుపుకుంటాయి, రక్తంలో దాని స్థాయి పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకు ఊరి ఆర్‌ఎంపీ, అంటే పట్టా లేకుండా వైద్యం చేసే గ్రామీణ వైద్యుడు, ఇచ్చే డైక్లోఫెనాక్ కూడా అదే పని చేస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఎండలో మహిళా సంఘాలు నడిపే ఐకేపీ ధాన్యం కొనుగోలు కేంద్రంలో బస్తాలు మోసే హమాలీ, పొద్దంతా నీళ్లు తక్కువ తాగి, సాయంత్రం నొప్పుల గోళీ వేసుకుంటే, అతని చేతుల వణుకు, వాంతులు, తూలుడు చూసినవారు తాగి ఉన్నాడనే అనుకుంటారు. హాలోపెరిడాల్ దుష్ఫలితాలకు విరుగుడుగా ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమట పట్టకుండా చేసి వడదెబ్బ ప్రమాదాన్ని పెంచుతుంది. పాత మందు క్లోర్‌ప్రొమజిన్ వేసుకున్నవారికి ఎండ తగిలితే చర్మం మామూలుకన్నా త్వరగా కమిలిపోతుంది. నీడపట్టున కూర్చుని పనిచేసే గుమస్తాకు ఏ కష్టమూ కలిగించని గోళీ, నాటుకూలికి, బస్తాలు మోసే మనిషికి బతుకు భారమవుతుంది. దాంతో అతడు మందు మానేస్తాడు. చెప్పిన మాట వినని రోగి అన్న పేరు తెచ్చుకుంటాడు. మళ్లీ వచ్చినప్పుడు సూది రాస్తారు. ఎండలో ఎవరు పనిచేస్తారు, నీడలో ఎవరు పనిచేస్తారు అన్నది ఈ దేశంలో కులంతో ముడిపడని సంగతేమీ కాదు.

భాష మాట ఇంకా సున్నితమైనది. లంబాడీల ఇంటి భాష గోర్‌బోలి, దానికి సొంత లిపి లేదు. మగవారిలో చాలామందికి తెలుగు ధారాళంగా వచ్చినా, పెద్దవయసు స్త్రీలలో కొందరికి మనసులోని బాధ తెలుగులో చెప్పడం కష్టం. వారి తరఫున భర్తో, బడికి వెళ్లే మనవడో మాట్లాడతాడు. భర్త కొట్టడమే కుంగుబాటుకు కారణమైతే, ఆ భర్త అనువదించిన మాటల మీదుగా నిర్ధారణ ఎంతవరకు సరిగ్గా ఉంటుందో ఊహించవచ్చు. మిర్యాలగూడ మిల్లులలో పనిచేసే బీహారు కూలీలకు ఆ మాత్రం అనువాదకులు కూడా ఉండరు. వ్యాధి స్వభావం, చికిత్స, మందు దుష్ఫలితాల సమాచారం రోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని 22వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. తెలుగులోనే ఎన్ని చిక్కులున్నాయో చూస్తే ఇది మరింత తెలుస్తుంది. ఈ ప్రాంతంలో రంది పెట్టుకున్నదంటే ఏళ్ల తరబడి ఒక దిగులును లోపల మోస్తున్నదని అర్థం. ఆ మాట తెలియని పట్టణపు యువ వైద్యుడు దాన్ని చిన్న చింతగా తీసుకుంటే కుంగుబాటు చేజారిపోతుంది, రోగి గుండెదడ, తలనొప్పి మాత్రమే చెబితే నిద్రగోళీతో సరిపెట్టే అవకాశం ఉంటుంది.

నిద్రగోళీ దగ్గరే ఈ లేఖ మరికొంతసేపు ఆగవలసి ఉన్నది. అల్ప్రజోలం అనేది ఆందోళనను తాత్కాలికంగా తగ్గించే మందు, త్వరగా అలవాటుగా మారుతుంది, దీర్ఘకాలం వాడి హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమణం రావచ్చు. అందుకే 2014 మార్చి నుంచి అది షెడ్యూల్ హెచ్‌1 అనే జాబితాలో ఉన్నది. మందుల దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రాసి ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. అయితే తెలంగాణలో అదే అల్ప్రజోలం ఏ చీటీ లేకుండా, ఏ రిజిస్టరుకూ ఎక్కకుండా, కల్తీ కల్లులో కలిసి కూలిజనానికి చేరుతున్నదన్నది ఆబ్కారీ దాడులలో పలుమార్లు బయటపడిన విషయం. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లును గట్టిగా అరికట్టినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో వందలాది మంది వణుకుతూ, మూర్ఛపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఆసుపత్రులకు చేరారు, కొందరు మరణించారు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగినవారిలో పలువురు మరణించారు. గీత వృత్తిని ఇందులో నిందించవలసింది లేదు, చెట్టు కల్లుకూ ఈ మందుకూ సంబంధం లేదు. గమనించవలసింది వేరొకటి. పట్టణంలో క్లినిక్కుకు వెళ్లిన రోగికి అరమిల్లీగ్రాము కొలిచి, ఇన్ని రోజులేనని చెప్పి ఇచ్చే మందును, కూలి మనిషి కొలత లేకుండా, తెలియకుండా, ఏళ్ల తరబడి తాగుతున్నాడు. మానసిక వైద్యంలోని మందులలో పేదవాడికి అన్నిటికన్నా సులువుగా అందినది ఇదే కావడం ఈ రాష్ట్రపు చేదు నిజం. ఇది ఆబ్కారీ కేసుగా నమోదవుతుంది, మానసిక ఆరోగ్య సమస్యగా కాదు. దుకాణం మూయించిన మరునాడు అక్కడ రోజూ తాగినవారికి మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తూ చికిత్స ఎవరు చేయాలన్న ప్రశ్నకు దాడి నివేదికలో చోటు లేదు.

వీటన్నిటికీ మొదటి మెట్టు లెక్కించడమే. అయితే ఆసుపత్రిలో కులం అడగడం అనగానే వచ్చే అభ్యంతరాన్ని తేలికగా తోసిపుచ్చకూడదు. చీటీ మీద కులం కనిపిస్తే అది చూసిన ప్రతివాడి ప్రవర్తనా మారవచ్చు. మానసిక వ్యాధి, కులం రెండూ ఒకే కాగితం మీద ఉన్న దస్తావేజు ఊళ్లో బయటపడితే ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుంది. రోగి సమాచారాన్ని రహస్యంగా ఉంచాలన్న 23వ సెక్షన్ ఉన్నది అందుకే. కాని అడగకపోవడం వల్ల కులం ఆసుపత్రి గుమ్మం బయటే ఆగిపోదు. వైద్యుడు దాన్ని ఊరి పేరును బట్టి, ఇంటి పేరును బట్టి, వేషాన్ని బట్టి ఊహిస్తూనే ఉంటాడు, ఆ ఊహ మాత్రమే ఎక్కడా నమోదు కాదు. 2024 నవంబరు, డిసెంబరులలో ఇంటింటికీ తిరిగి కులగణన చేసి, మూడున్నర కోట్ల మందిని లెక్కించి, షెడ్యూల్డు కులాలు 17.43 శాతం, షెడ్యూల్డు తెగలు 10.45 శాతమని ప్రకటించిన ప్రభుత్వానికి, మూడు పట్టణాల ఆసుపత్రులలో ఈ లెక్క చేతకాదనడం నమ్మదగినది కాదు. కులం వివరం చీటీ మీద కాక, పేరుకు బదులు సంకేత సంఖ్యతో వేరే రికార్డులో ఉండి, సమూహాల మొత్తాలుగా మాత్రమే వెలువడి, మరీ చిన్న సంఖ్యలున్న గడులను మూసి ఉంచితే, ఉభయ ప్రమాదాలూ తగ్గుతాయి.

కనుక సాధికార సంస్థ తన ప్రమాణాల అధికారం కింద, సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి, కోదాడ, మిర్యాలగూడ ప్రభుత్వ ఆసుపత్రులకు కలిపి ఒకే రిజిస్టరును, జిల్లా గీతతో నిమిత్తం లేకుండా, నిర్దేశించవచ్చు. ఏ నిర్ధారణకు ఏ మందు, ఎంత మోతాదు, గోళీనా సూదినా అన్నవాటితో పాటు, మాట ఏ భాషలో జరిగింది, మధ్యన అనువదించినవారు రోగికి ఏమవుతారు, రోగి చేసే పని ఎండలోనా నీడలోనా, లిథియం వాడేవారికి రక్తపరీక్ష చివరిసారి ఎప్పుడు జరిగింది, రెండో నెల మందు తీసుకోవడానికి వచ్చారా లేదా అన్నవి కూడా అందులో ఉండాలి. గోర్‌బోలి మాట్లాడే ఏఎన్‌ఎంలు, ఆశ కార్యకర్తలు తండాలలో ఇప్పటికే ఉన్నారు, వారిలో కొందరికి అనువాద శిక్షణ ఇచ్చి ఓ.పి. రోజున కూర్చోబెట్టడానికి కొత్త ఉద్యోగాలు సృష్టించనక్కరలేదు, వారి ఆ రోజు పనికి భత్యం ఇస్తే చాలు. ఆబ్కారీ శాఖ కల్లు దుకాణం మూయించే ముందు సమీప ఆసుపత్రికి తెలియజేయాలన్న ఒక్క ఉత్తర్వుకు ఖర్చేమీ లేదు. ఈ పట్టికలను మూడు నెలలకోసారి ప్రచురించడం మొదలుపెడితే, తొలి పట్టిక యాసంగి ధాన్యం కేంద్రాలు మూతపడక ముందే రావడం మంచిది. ఎండలో బస్తాలెత్తేవారు ఏ గోళీ మింగి పనికి వస్తున్నారో అప్పుడే అందులో కనిపిస్తుంది.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ జిల్లా పౌరుడు